కన్యాప్రవేశోత్సవములు: లండను నగరపు ఒక పాత ఆచారము

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో, క్రొత్త యేడు ప్రవేశించినది మొదలుకొని, లండను నగరమందలి సెయింట్ జేమ్స్ ప్రాసాదములోని లార్డ్ చాంబర్లేన్ కార్యాలయమునకు దేశపు నలుమూలల నుండి ఒకే తీరు ఉత్తరములు రాసాగెడివి. వ్రాసినవారందఱును స్త్రీలే, అందఱును ఒకనాడు తాము స్వయముగా సింహాసనమునెదుట వంగి నమస్కరించి వచ్చినవారే, తమ కూతునో, తోబుట్టువు బిడ్డనో, క్రొత్తగా నింట నడుగిడిన కోడలినో రాజదంపతుల సన్నిధికి తోడ్కొనిపోవుటకు అనుమతి వేడుట ఆ యుత్తరముల సారాంశము. కన్యక తనంత తాను అడుగరాదు, తండ్రి అడుగరాదు, రాజసన్నిధిని చూచిన స్త్రీయే మఱియొక స్త్రీని అచ్చటికి చేర్పవలెను. ఈ నియమము తరతరములుగా నిలిచి 1958వ సంవత్సరము వఱకును ఆంగ్లదేశపు ఉన్నత కుటుంబముల జీవితమును శాసించెను. పదునేడు పదునెనిమిది యేండ్ల కన్యక చదువుల గదిని విడిచి పెద్దల లోకమున అడుగిడు ఆ సందర్భమును, దాని చుట్టు అల్లుకొన్న నృత్యోత్సవములను, విలాసప్రియుల వినోదముగా నెంచి చరిత్రకారులు పలువురు రెండు వాక్యములలో దాటిపోవుదురు. కాని ఆ రాత్రుల వెనుక నున్న నెలల కొలది శ్రమను, ఆ శ్రమ యెవ్వరెవ్వరిదో యను విషయమును తఱచి చూచినకొలది, ఇది స్త్రీల చరిత్రలో విస్మరింపరాని అధ్యాయమని నాకు తోచుచున్నది.

మన తెలుగిండ్లలో ఆడపిల్లకు ఓణీ వేయు వేడుక యున్నది. అందు పిల్ల పెద్దదైనదని నిర్ణయించువారు ఇంటివారును బంధువులును. మేనమామ బట్టలు తెచ్చును, ముత్తైదువలు అక్షతలు చల్లుదురు, అంతటితో లోకమంతయు అంగీకరించినట్లే. ఆంగ్లదేశమున అట్లు కాదు. అచ్చట కన్యక పెద్దదైనదని ధ్రువపఱచువాడు రాజు. ఆ ధ్రువపత్రము వంటి పిలుపును పంపునది ఒక రాజకార్యాలయము. కాగా ఎవరి బిడ్డ పెద్దదగుటకు అర్హురాలో, ఎవరి బిడ్డ కాదో యను ప్రశ్న రాజ్యవ్యవస్థకు సంబంధించిన ప్రశ్న యయ్యెను. భూస్వాముల పుత్రికలు, సేనానుల, మతాచార్యుల, న్యాయవాదుల పుత్రికలు అర్హులు. దుకాణము నడుపువాని పుత్రిక ఎంత ధనవంతురాలైనను అనర్హురాలు. పందొమ్మిదవ శతాబ్దము గడచుకొలది గొప్ప వర్తకులకును, బ్యాంకుల యజమానులకును ద్వారములు క్రమముగా తెఱువబడెను గాని, ఎవ్వరికి, ఎంతవఱకు తెఱవవలెననునది ఎల్లప్పుడును స్త్రీల చేతిలోనే యుండెను.

ఈ స్త్రీల అధికారమునకు పూర్వరంగము 1765లో సెయింట్ జేమ్స్ ప్రాంతమున కింగ్ వీథిలో వెలసిన ఆల్మాక్స్ అను నృత్యశాల. అచ్చట బుధవారపు రాత్రులందు జరిగెడు నృత్యములకు ప్రవేశపత్రము కావలెనన్నచో కొందఱు కులీన వనితలతో కూడిన ఒక చిన్న సభ సమ్మతింపవలెను. బిరుదున్నంత మాత్రమున పత్రము రాదు. ధనమున్నంత మాత్రమున అసలే రాదు. ఆ వనితలకు పార్లమెంటులో స్థానము లేదు, ఓటు లేదు, వివాహితలకు తమ యాస్తిపై సంపూర్ణాధికారమైనను లేదు. కాని పార్లమెంటు సభ్యుల పుత్రు లెవ్వరితో నృత్యము చేయవలెనో, తత్ఫలితముగా నెవ్వరిని పెండ్లాడవలెనో నిర్ణయించు శక్తి వారికి కలదు. రాజ్యాంగము నిరాకరించిన అధికారమును వారు ఆహ్వానపత్రికల మార్గమున సంపాదించుకొనిరనుట అతిశయోక్తి కాదు.

పార్లమెంటు సమావేశములకై గ్రామసీమలనుండి కుటుంబసమేతముగ తరలివచ్చిన భూస్వాములు లండనులో మసలెడు నెలలకు ఋతువను పేరు వచ్చెను. మే నెలలో రాయల్ అకాడమీ చిత్రప్రదర్శనము, జూనులో ఆస్కాట్ గుఱ్ఱపుపందెములు, జూలైలో హెన్లీ పడవపందెములు, ఆగస్టు 12వ తేదీనుండి కొండసీమలలో పక్షులవేట: ఈ క్రమము పంచాంగము వలె నిశ్చలము. ఈ నెలలలో ప్రతి కన్యకకొఱకును ఆమె తల్లి ఒక నృత్యోత్సవము నడుపవలెను. వసంతారంభముననే తల్లులు ఒకరినొకరు మధ్యాహ్నభోజనములకు పిలుచుకొని తేదీలు పంచుకొనెడివారు. ఒకే రాత్రి ఇరువురి యింట ఉత్సవము జరిగినచో ఇద్దఱికిని నష్టమే గదా. నృత్యమునకు ముందు ఇతర కుటుంబములు తమ తమ యిండ్లలో కొందఱేసి అతిథులకు రాత్రిభోజనము పెట్టి పంపవలెను. ఎవరెవ్వరి యింట ఎందఱు భుజింతురో ఉత్సవము నడుపు తల్లియే పంచిపెట్టవలెను. యువకుల పేర్ల పట్టికలు చేతులు మాఱుచుండెడివి; వాటిలో కొన్ని పేర్లకెదుట గుర్తులును ఉండెడివి. వాద్యబృందము, పూలు, తోటలో గుడారము, తెల్లవాఱుజామున వడ్డించు ఫలాహారము, గోడల ప్రక్క పూతపూసిన కుర్చీలలో కూర్చుండి కన్యకలను కనిపెట్టుకొనియుండు వృద్ధవనితలు, ప్రతి నృత్యమునకును భాగస్వామి పేరు వ్రాసికొనుటకు చిన్న పెన్సిలు కట్టిన కార్డు: ఇందొక్కటియు యాదృచ్ఛికముగ జరుగదు. ఒక శాఖామంత్రి కార్యాలయమును నడుపగల నేర్పు ఈ యేర్పాటులయందు వ్యయమగుచుండెను.

రాజసన్నిధికి పోవుటయో మఱియొక విద్య. విక్టోరియా రాణి కాలమున ఈ దర్శనములు అపరాహ్ణమున జరిగెడివి. ఏడవ ఎడ్వర్డు వాటిని రాత్రి సభలుగా మార్చెను. కన్యక శ్వేతవస్త్రము ధరింపవలెను. తలపై తెల్లని నిప్పుకోడి యీకలు నిలువున కనబడవలెను, వెనుక మేలిముసుగు వ్రేలవలెను. భుజములనుండి జాఱు వెనుకచెఱగు మూడు గజముల నిడివి యుండవలెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ నిడివి తగ్గింపబడెను. వస్త్రము కంఠసీమను, భుజములను కప్పరాదు. అనారోగ్యమువలన కప్పుకొనవలసివచ్చినచో దానికిని ముందుగా అనుమతి పొందవలెను. చెఱగును ఎడమచేతిపై మడిచి మోసికొని వచ్చిన కన్యక సింహాసనశాల వాకిట దానిని జాఱవిడువగా పరిచారకులు సన్నని కఱ్ఱలతో నేలపై పఱతురు, పేరు చదువబడును, ఆమె ముందునకు నడచి, ఎడమమోకాలిని కుడిమోకాలి వెనుక చేర్చి, వెన్ను వంపక, తూలక, నేల దాక క్రుంగి లేచి, రాణికిని అదే విధముగ నమస్కరించి, వెన్ను చూపక వెనుకకు నడచి పోవలెను. ఇంతకు పట్టుకాలము కొన్ని క్షణములు. ఆ కొన్ని క్షణములకై నైట్స్‌బ్రిడ్జి దగ్గఱ మార్గరీట్ వకాని నడపిన నృత్యపాఠశాలలో కన్యకలు వారముల తరబడి సాధన చేసెడివారు. రాజకుమార్తెలగు ఎలిజబెత్తు, మార్గరెట్టులకు నృత్యము నేర్పినదియు ఆ యాచార్యురాలే. సభకు పోవు రాత్రి మాల్ రాజమార్గమున వాహనములు బారులు తీరి నిలిచియుండగా, లోపల ఈకలతో కూర్చున్న కన్యకలను తిలకింప సామాన్య జనులు గుంపులుగా వచ్చి కిటికీలలోనుండి తొంగి చూచెడివారు.

ఇంక ఏదేని ఒక యుగమునో, ఒక కథనో ఇతివృత్తముగ నెన్నుకొని అతిథులందఱును తదనుగుణమగు వేషములతో రావలెనని నియమించు ఉత్సవములను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన ఒక వర్గము తన్ను తా నెట్లు ఊహించుకొనుచున్నదో అవి తేటతెల్లముగ చూపును. 1842 మే 12వ తేదీ రాత్రి విక్టోరియా రాణి బకింగ్‌హామ్ ప్రాసాదమున నడపిన వేషనృత్యోత్సవమునకు పదునాల్గవ శతాబ్దపు మూడవ ఎడ్వర్డు రాజసభ ఇతివృత్తము. రాణి ఫిలిప్పా రాణిగను, ఆమె భర్త ఆల్బర్టు ఎడ్వర్డుగను అలంకరించుకొనిరి. నాటకకర్తయు, వస్త్రచరిత్ర పండితుడునగు ప్లాంషే ఆ వేషములకు మార్గదర్శి. వెస్ట్‌మినిస్టరు దేవాలయమునందలి సమాధిశిల్పములు ఆయనకు ప్రమాణములు. కేంబ్రిడ్జి డచెస్ బ్రిటనీ డచెస్ అగు ఆన్ వేషమున ఊరేగింపుగా వచ్చెను. లాండ్‌సీరు చిత్రించిన వర్ణపటము వలన ఆ రాత్రి రాజదంపతుల రూపము నేటికిని మనకు గోచరించుచున్నది. ఈ యుత్సవమునకు చెప్పబడిన ప్రయోజనము తూర్పు లండనున స్పిటల్‌ఫీల్డ్సు పేటలో పనిలేక కృశించుచున్న పట్టునేతగాండ్రకు పని కల్పించుట. సదుద్దేశమనుటకు సందేహము లేదు. ఆ నేతగాండ్రలో పెక్కురు మతహింసకు తాళలేక ఫ్రాన్సు విడిచివచ్చిన ప్రొటెస్టెంటుల సంతతివారు. వారి కూలి రేట్లను కాపాడిన పాతచట్టములు 1824లో రద్దైనవి. కొన్ని వారములపాటు మగ్గము లాడెను. వేషములు తీసి పెట్టెలలో పెట్టగానే మరల ఆగెను. 1860లో ఫ్రెంచి పట్టుపై సుంకము తొలగిన పిమ్మట ఆ వృత్తి తిరిగి కోలుకొననే లేదు.

మఱియొక సంగతి. సామాన్యులకు ఓటుహక్కు కోరుచు ముప్పది లక్షలకు పైగా సంతకములతో చార్టిస్టులు మోసికొనివచ్చిన మహావిజ్ఞప్తిని పార్లమెంటు త్రోసిపుచ్చినది ఆ మే నెల ఆరంభముననే, అనగా నృత్యమునకు పట్టుమని పది దినములు ముందు. ఏలికయు, సామంతులును, వారికి విధేయులగు ప్రజలును తప్ప ఇతరము కానరాని యొక కాలమును ఆ సమయమున ఇతివృత్తముగ నెన్నుకొనుట కేవలము అలంకారశాస్త్ర విషయమని నేను నమ్మజాలను.

1897 జూలై 2వ తేదీన పికడిలీలోని డెవన్‌షైరు భవనమున, రాణి సింహాసన మధిష్ఠించి అఱువదియేండ్లు నిండిన సందర్భమున జరిగిన వేషనృత్యోత్సవము ఈ జాతి ఉత్సవములకెల్ల పరాకాష్ఠ. సుమారు ఏడువందల మంది అతిథులు. 1815వ సంవత్సరమునకు పూర్వపు చారిత్రక వేషములో, ప్రతీకాత్మక వేషములో ధరింపవలెనని ఆహ్వానపత్రిక శాసించెను. ఇంటి యజమానురాలగు డచెస్ లూయీస్ పాల్మైరా రాణి జెనోబియాగా పారిస్ నగరపు వర్త్ వస్త్రశాల కుట్టిన వేషమున అవతరించెను. డ్యూక్ అయిదవ చార్లెసు చక్రవర్తి. వేల్సు యువరాజు మాల్టా వీరుల గురుప్రముఖుడు. యువరాణి అలెగ్జాండ్రా మార్గరెట్ ద వాల్వా. ఏర్పాట్ల మాట చూడుడు. అతిథులను ఊరక గుంపుగా రానీయక సభలు సభలుగా విభజించి ఒక్కొక్క సభను ఒక్కొక్క వనిత కప్పగించిరి: ఎలిజబెత్ రాణి సభను లేడీ ట్వీడ్‌మౌత్, ఆస్ట్రియా మరియా తెరీసా సభను లేడీ లండన్‌డెరీ, మరీ ఆంత్వానెత్ సభను వార్విక్ కౌంటెస్ నడపిరి, ఆర్థరు రాజు వీరులు, వెనీసు ప్రభువులు, షీబా రాణితో కూడిన ప్రాచ్యరాణుల ఊరేగింపు వేఱు. పాత చిత్రపటములను వెదకి, దర్జీలకు చూపి, అతిథుల వేషములు ఒకదాని నొకటి పోలకుండ సరిచూచి, నృత్యములు అభ్యసించి, రాత్రి ఏ సభ వెనుక ఏ సభ ప్రవేశింపవలెనో నిర్ణయించుట ఈ వనితల పని. తోటలో లాఫయెట్ ఛాయాగ్రాహకుల గుడారము వెలసెను. ఆ వేషముల ఛాయాచిత్రములు 286 చేర్చి ముద్రించిన సంపుటము తరువాత డచెస్‌కు బహూకరింపబడెను.

1815 అను హద్దు నన్ను చాల ఆలోచింపజేసినది. ఆ యేడు వాటర్లూ యుద్ధము ముగిసెను; ఆ తరువాతి కాలము పొగబండ్లది, యంత్రశాలలది, వాటితో ధనము గడించిన క్రొత్తవారిది, సంఘములు కట్టిన కార్మికులది. ఆహ్వానపత్రికలోని ఒక్క సంఖ్య ఆ శతాబ్దమునంతయు వాకిటనే నిలిపివేసినది. ఆ రాత్రి చార్లెసు చక్రవర్తిగా నిలిచిన డ్యూక్, లార్డ్ హార్టింగ్టనను పేర 1880 మొదలు 1882 వఱకు భారతదేశ వ్యవహారముల మంత్రిగా నుండెను. ప్రాచ్యరాణులు రత్నఖచిత వస్త్రములతో ఆయన యింట నడచుచున్న ఆ వేసవిలోనే మన దేశమున మదరాసు రాజధాని భాగములతో సహా విశాలప్రాంతములు 1896–97 నాటి కఱవుచేత తల్లడిల్లుచుండెను. ఈ రెండును ఒకే సంవత్సరపు సంగతులని పాఠకులు జ్ఞాపక ముంచుకొనవలెను.

ఉత్సవముల గూర్చి వ్రాసినవారు తల్లుల పేర్లు చెప్పుదురు, కన్యకల పేర్లు చెప్పుదురు. కుట్టినవారి పేర్లు చెప్పరు. ఒక్క పేరు మాత్రము చరిత్రలో మిగిలినది, అదియు మరణము వలన. వేల్సు యువరాజునకు క్రొత్తగా పరిణీతయైన అలెగ్జాండ్రా గౌరవార్థము 1863లో నృత్యోత్సవములు జరుగుచుండగా, జూను నెలలో లండనునందలి పేరుమోసిన ఒక వస్త్రశాలలో పనిచేయు మేరీ ఆన్ వాక్లీ అను ఇరువదియేండ్ల యువతి, తోడి పనివారు అఱువదిమందితో, గదికి ముప్పదిమంది చొప్పున గాలి చాలని చోట కూర్చుండి, 26½ గంటలు ఎడతెగక కుట్టి, శుక్రవారము జబ్బుపడి ఆదివారము కన్నుమూసెను. పత్రికలు కొంతకాలము ఘోషించెను. కార్ల్ మార్క్స్ 1867లో వెలువరించిన తన 'పెట్టుబడి' గ్రంథమున పనిదినమును గూర్చిన అధ్యాయమందు ఈ మరణమును నమోదు చేసెను. ఋతువు ముమ్మరముగా సాగు వారములలో దర్జీశాలల దినమునకు అంతము లేకపోవుట అప్పటివారికి తెలియని రహస్యము కాదు. అతిథుల తేదీలు ఢీకొనకుండ అంత శ్రద్ధతో చూచిన తల్లుల ప్రణాళికలో, వస్త్రమెప్పుడు చేతికందవలెనను గడువు కలదు. దానిని కుట్టు వేళ్లు ఎప్పుడు నిద్రింపవలెనను గడువు లేదు. ఈ లోపమును క్షమించుట నాకు సాధ్యము కాదు.

ఇక కన్యక. ఆమెకొఱకే సర్వమును, ఆమె నోరు మెదపవలసిన పని మాత్రము లేదు. సింహాసనము నెదుట మాటాడుట నిషిద్ధము. ఈ మౌనము 1914 జూను 4వ తేదీ రాత్రి భగ్నమయ్యెను. ప్రసిద్ధ వాస్తుశిల్పి సర్ ఆర్థర్ బ్లోమ్‌ఫీల్డు కుమార్తె మేరీ, తన వంతు రాగానే అయిదవ జార్జి రాజు నెదుట మోకాళ్లపై వ్రాలి, ఓటుహక్కుకై చెఱసాలలలో నిరాహారులైన స్త్రీలకు బలవంతముగా ఆహారమెక్కించుట మాన్పించుమని ఎలుగెత్తి వేడుకొనెను. రాజభృత్యులు ఆమెను వెంటనే వెలుపలకు గొనిపోయిరి; సభ యేమియు జరుగనట్లు సాగెను. నమస్కారమునకై నేర్పబడిన ఆ దేహభంగిమను ఆమె విజ్ఞప్తిగా మార్చినది. రాజును అంత దగ్గఱగా చేరగల అవకాశము మఱి యే స్త్రీకిని లేదని గుర్తించినది. పంజాబు మహారాజు దులీప్‌సింగు కుమార్తెయు, విక్టోరియా రాణికి ధర్మపుత్రికయునగు సోఫియా సైతము పూర్వమొకనాడు ఈకలు ధరించి అదే సన్నిధికి వచ్చినదే. ఆమెయు తరువాత ఓటుహక్కు ఉద్యమమున చేరి, ఓటు లేనిచో పన్ను లేదని కట్టనిరాకరించెను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము రాజసభలు తిరిగి ఆరంభమయ్యెను గాని పూర్వపు దార్ఢ్యము లేదు. 1936 జూలైలో ఎనిమిదవ ఎడ్వర్డు ప్రాసాదపు తోటలో దర్శనమిచ్చుచుండగా వాన కురిసెను. మిగిలిన కన్యకలందఱును దర్శనము పొందినట్లే భావింపవలెనని చెప్పి రాజు లోనికి వెడలిపోయెను. నెలల తరబడి సాధన చేసిన నమస్కారము ఆ కన్యకల మోకాళ్లలోనే మిగిలిపోయెను.

అంతకు పూర్వము 1925లో లేడీ హోవర్డ్ ద వాల్డెన్ పూనికతో షార్లెట్ రాణి నృత్యోత్సవము పునరుద్ధరింపబడెను. మూడవ జార్జి భార్యయగు షార్లెట్ పదునేడవ యేట పెండ్లియై పదునైదుగురు బిడ్డలను కన్న తల్లి. ఆమె పేర లండనున ఒక ప్రసూతి వైద్యశాల కలదు. ఉత్సవపు రాబడి ఆ వైద్యశాలకు. పార్కు లేనులోని గ్రోవనర్ హౌస్ హోటలు విశాలమందిరమున శ్వేతవస్త్రములు దాల్చిన కన్యకలు మెట్లు దిగివచ్చి, తోడివారు లాగుకొనివచ్చిన బ్రహ్మాండమగు జన్మదినపు కేకునకు వరుసగా నమస్కరించెడివారు. కేకునకు నమస్కారమేమని నవ్వినవారు పెక్కుమంది. నా మనస్సునకు ఈ యుత్సవమే అన్నిటికంటె సార్థకము. కన్యకలు పెండ్లి కొఱకై సిద్ధము చేయబడుచున్న కాలమున, ప్రసవానంతర జ్వరము ధనిక దరిద్ర భేదము లేక తల్లులను హరించుచుండెను. షార్లెట్ రాణి వైద్యశాలలోనే లెనార్డ్ కోల్‌బ్రూక్, మేవ్ కెన్నీ అను వైద్యులు ప్రాంటోసిల్ అను క్రొత్త మందుతో ఆ జ్వరమును అణచగలిగిరి. 1936లో వారి ఫలితములు ప్రకటింపబడెను. ఆ పేర జరిగిన ఉత్సవమున నాట్యమాడిన కన్యకలలో ఎందఱో ఆ మందు వచ్చిన తరువాత తల్లులైనవారు.

రాజదర్శనములు 1958తో అంతరించునని అంతకు ముందటి నవంబరులో ప్రకటించిరి. రుసుము పుచ్చుకొని పరుల బిడ్డలను తమ బిడ్డలవలె సన్నిధికి చేర్చు బిరుదు వనితలు అప్పటికే వెలసిరి. ఆఖరి సంవత్సరమున 1,400 మంది వఱకు కన్యకలు తరలివచ్చిరి. మార్చి నెలలో లండనున, జూలైలో ఎడిన్‌బరోనందలి హోలీరూడ్ ప్రాసాదమున చివరి నమస్కారములు ముగిసెను. షార్లెట్ రాణి ఉత్సవము మాత్రము 1976 వఱకు సాగి ఆగి, మరల వెలసినది.

ఇతివృత్తముతో కూడిన కన్యాప్రవేశోత్సవము నేడు సంపూర్ణ వైభవముతో కానవచ్చునది అమెరికాలో, టెక్సాసు రాష్ట్రమున రియో గ్రాండి నదీతీరమందలి లరేడో పట్టణమున. ఆ పట్టణమును స్పెయిను ప్రభుత్వకాలమున, 1755లో తొమాస్ సాంచెజ్ స్థాపించెను. అచ్చట 1898 నుండి జార్జి వాషింగ్టను జన్మదినోత్సవములు జరుగుచుండగా, 1939లో మార్తా వాషింగ్టను పేర ఒక వనితాసంఘ మేర్పడెను. ప్రతి ఫిబ్రవరియందును పాత కుటుంబముల కన్యకలు, వారిలో పెక్కురు మెక్సికను సంతతివారు, వాషింగ్టను కాలపు వేషములతో రంగస్థలమున ప్రవేశించి, వస్త్రము తమ చుట్టును వృత్తముగ పఱచుకొనునట్లు నేలకు క్రుంగి నమస్కరింతురు. రెండు దేశముల నడుమ సరిహద్దు గీత తమ యూరి మీదుగ పోయిన వారు ఆ దేశపు తొలిదంపతుల కథను ఏటేట తమ బిడ్డల దేహములపై ధరింపజేసికొనుట గంభీరమైన విషయము. ఒక్కొక్క వస్త్రము సిద్ధమగుటకు సంవత్సరము వఱకు పట్టును; మఖమలుపై చేతితో కుట్టిన పూసలు, రాళ్లు, అద్దకములతో దాని బరువు నలుబది కిలోల దాక పోవుటయు కలదు. లరేడోలో ఈ వస్త్రములు కల్పించినవారిలో లిండా లైండెకర్ గుటియరెజ్ పేరు ప్రతి యింటను వినబడును; ఆమె చేతిపని యే కన్యకపై నున్నదో, ఆ కన్యక పేరుతో పాటు ఆమె పేరును అచ్చట చెప్పుకొందురు.